ఎక్కడ తెగ్గొట్టాలి? ప్రిఫిక్స్ కోడ్‌ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో ఆదివారం పొద్దున పదిహేను ఇరవై మందికి డేటా స్ట్రక్చర్స్ చెప్తుంటాను. హఫ్‌మన్ కోడింగ్ (తరచుగా వచ్చేవాటికి పొట్టి కోడ్ ఇచ్చి ఫైలుని చిన్నది చేసే పద్ధతి, అంటే ఒక రకం కంప్రెషన్) వచ్చిన వారం క్లాసు అయిపోయినా ఎవరూ కదలరు. మిగతా సగం కింద చాయ్ కొట్టు దగ్గర నడుస్తుంది. ఏ బ్యాచ్ అయినా ప్రశ్నలు మాత్రం అవే, కొంచెం అటూ ఇటూగా. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. కానీ చాయ్ లెక్క ఉన్న జవాబు దాటేస్తే తర్వాతవి సగం అర్థం కావు.

కంప్రెషన్ అంటే ఫొటో క్వాలిటీ తగ్గించడమే కదా సార్?

అది వేరే జాతి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే కంటికి పెద్దగా తెలియని వివరాలు తీసేసి పంపుతుంది. పోయినవి మళ్లీ రావు. ఇక్కడ మనం మాట్లాడేది లాస్‌లెస్ గురించి. ముడిచి, విప్పితే ఒక్క బిట్ (ఒక 0 లేదా 1) కూడా తేడా లేకుండా పాత ఫైలే రావాలి. పెళ్లి ఫొటోలో ఆకాశం రంగు కాస్త మారినా ఎవరూ అడగరు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 8 లక్షలు 3 లక్షలయితే ఊరుకుంటారా?

ప్రిఫిక్స్ కోడ్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్కోదానికి గుర్తుగా ఇచ్చే అంకెల వరస కోడ్. ఏ కోడూ ఇంకో కోడ్‌కి మొదలు కాకూడదు. అంతే.

ఉదాహరణకి పాత ఎస్టీడీ కోడ్‌లు చూడండి. హైదరాబాద్ 040, వరంగల్ 0870, నిజామాబాద్ 08462, బెంగళూరు 080. పొడవులు వేరువేరు. అయినా 040 నొక్కగానే అది హైదరాబాద్ అని ఎక్స్‌ఛేంజ్‌కి తెలిసిపోతుంది, ఎందుకంటే 040తో మొదలయ్యే ఇంకో ఊరి కోడ్ లేదు. 08 దగ్గర మాత్రం ఆగాలి. తర్వాత 0 వస్తే బెంగళూరు, 7 వస్తే ఇంకో అంకె చూడాలి. మధ్యలో గీత గానీ ఖాళీ గానీ ఎవరూ నొక్కలేదు. ఎక్కడ తెగ్గొట్టాలో అంకెలే చెప్తున్నాయి.

ఇంకో సంగతి గమనించారా? ఎక్కువ ఫోన్లున్న మహానగరాలకి పొట్టి కోడ్, చిన్న ఊళ్లకి పొడుగు కోడ్. హఫ్‌మన్ చేసేది కూడా ఇదే పని, కాకపోతే లెక్క కట్టి చేస్తాడు.

మరి ఒకచోట "ప్రిఫిక్స్ కోడ్" అని, ఇంకోచోట "ప్రిఫిక్స్-ఫ్రీ కోడ్" అని ఉంటుంది. రెండూ ఒకటేనా?

ఒకటే. ప్రిఫిక్స్ లేని కోడ్‌ని ప్రిఫిక్స్ కోడ్ అని పిలవడం అన్యాయమే. డెబ్బై ఏళ్లుగా పుస్తకాల్లో అలాగే నడుస్తోంది, మనమూ అలాగే పోదాం.

కోడ్‌ల మధ్యలో కామా లాంటిది పెట్టుకుంటే ఈ గోలంతా ఉండదు కదా?

ఉండదు, కానీ ఆ కామాకి కూడా చోటు కావాలి. మోర్స్ కోడ్ చేసింది అదే. అందులో ఇంగ్లిష్ అక్షరం "ఈ"కి ఒక చుక్క, "ఏ"కి చుక్క, గీత. అంటే ఒకటి ఇంకోదానికి మొదలు. అందుకే టెలిగ్రాఫ్ ఆపరేటర్ అక్షరానికీ అక్షరానికీ మధ్య కాస్త ఆగాలి. ఆ మౌనమే మూడో గుర్తు. కంప్యూటర్ దగ్గర ఉన్నవి 0, 1 రెండే. మౌనం లేదు.

సరే, హఫ్‌మన్ చెట్టు ఎలా కట్టాలి?

కింద ఇరానీ చాయ్ కొట్టు ఉంది కదా, అక్కడ వంద ఆర్డర్లు వచ్చాయనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేనే వేసుకుంటున్నాను: చాయ్ 50, ఉస్మానియా బిస్కెట్ 20, సమోసా 15, బన్ మస్కా 10, దిల్‌ఖుష్ 5.

అన్నింటికీ ఒకే పొడవు కోడ్ ఇస్తే, ఐదు వస్తువులకి రెండు బిట్లు చాలవు, మూడు కావాలి. వంద ఆర్డర్లకి 300 బిట్లు.

ఇప్పుడు హఫ్‌మన్ పద్ధతి. అన్నింటికంటే తక్కువ ఉన్న రెండింటిని తీసి ముడెయ్యాలి. దిల్‌ఖుష్ 5, బన్ మస్కా 10, కలిపితే 15. ఇక నుంచి ఆ ముడి ఒకే వస్తువు. మళ్లీ చిన్నవి రెండు ఏవి? ఈ ముడి 15, సమోసా 15. కలిపితే 30. తర్వాత ఉస్మానియా 20, ఈ 30 కలిపి 50. చివరికి చాయ్ 50, ఆ ముడి 50 కలిపి 100. ఒక్కటే మిగిలింది కాబట్టి చెట్టు అయిపోయింది.

ప్రతి ముడి దగ్గరా రెండు కొమ్మలుగా చీలే బొమ్మ గీసి, పైనుంచి దిగుతూ ఎడమకి 0, కుడికి 1 రాసుకుంటే చాయ్ 0, ఉస్మానియా 10, సమోసా 110, బన్ మస్కా 1110, దిల్‌ఖుష్ 1111. మొత్తం బిట్లు: 50, 40, 45, 40, 20. కూడితే 195. మూడొందల్లో 105 మిగిలాయి.

ఒక చిట్కా. ముడి వేసిన ప్రతిసారీ వచ్చిన మొత్తాలు కూడండి: 15, 30, 50, 100. అవీ 195 అవుతాయి. పరీక్షలో చెట్టు గీయకుండానే సమాధానం సరిచూసుకోవచ్చు. ఎందుకలా వస్తుందంటే, ఒక ముడి వేయడం అంటే దాని కింద ఉన్న ప్రతి ఆర్డర్‌కీ ఒక బిట్ పెంచడమే.

ఇప్పుడు 01100101110 అని ఒక చీటీ వచ్చిందనుకోండి. వేలు పెట్టి ఎడమ నుంచి చదవండి. 0 చాయ్. 1, 11, 110 సమోసా. 0 చాయ్. 10 ఉస్మానియా. 1110 బన్ మస్కా. వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం ఎక్కడా రాలేదు. వస్తువులు కొమ్మల చివర మాత్రమే ఉన్నాయి, మధ్య కొమ్మ మీద ఏదీ కూర్చోలేదు. ప్రిఫిక్స్ నియమం అంటే చెట్టు భాషలో ఇదే.

ఇక్కడ చెప్పాల్సిన గోడు ఒకటుంది. జిరాక్స్ షాపుల్లో తిరిగే ఒక నోట్సులో ఒకదానికి 10, ఇంకోదానికి 101 అని అచ్చయిన టేబుల్ ఉంది. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు దాన్ని బట్టీ పట్టి వస్తారు. నోట్సు చేతికి రాగానే ముందు ఏ కోడ్ దేనికి మొదలవుతోందో చూసుకోండి.

195 కంటే తగ్గించలేమా?

ఆర్డర్‌కి ఒక కోడ్ చొప్పున ఇస్తే తగ్గించలేం. అంతకంటే మంచి ప్రిఫిక్స్ కోడ్ లేదని నిరూపణ ఉంది. అసలు కనిష్ఠం ఎక్కడుందో 1948లో క్లాడ్ షానన్ చెప్పాడు, సమాచార సిద్ధాంతానికి పునాది వేసినాయన. దాన్నే ఎంట్రోపీ అంటాం. మన కొట్టుకి అది ఆర్డర్‌కి సుమారు 1.92 బిట్లు. మనకి వచ్చింది 1.95. దాదాపు నేలని తాకాం.

ఎప్పుడూ ఇంత దగ్గరగా రాదు. కొట్టులో 90 చాయ్‌లు, 10 బిస్కెట్లు మాత్రమే అయితే ఎంట్రోపీ 0.47. కానీ ఏ కోడ్‌కైనా కనీసం ఒక బిట్ ఉండాలి కదా, అరబిట్ కోడ్ ఇవ్వలేం. రెట్టింపు ఖర్చు. ఆర్డర్లని రెండేసి జతలుగా కట్టి హఫ్‌మన్ చేస్తే జతకి 1.29, అంటే ఆర్డర్‌కి 0.645కి దిగుతుంది. మూడేసి కడితే ఇంకా దిగుతుంది, చెట్టు మాత్రం ఊడలు దిగుతుంది. ఈ చిక్కు లేకుండా బిట్‌ని కూడా ముక్కలు చేసి వాడుకునే పద్ధతి అరిథ్‌మెటిక్ కోడింగ్. అది ఇంకో ఆదివారం.

కోడ్‌ల పొడవులు మనకి నచ్చినట్టు పెట్టుకోవచ్చా?

హైదరాబాద్‌లో ఉండి ఈ ప్రశ్న అడగకూడదు. ఇది వెంచర్ లెక్క.

మీ దగ్గర 16 గుంటల భూమి ఉంది. ఒక బిట్ కోడ్ ఇవ్వడం అంటే సగం, 8 గుంటలు రాసిచ్చేయడం. రెండు బిట్లయితే 4 గుంటలు, మూడయితే 2, నాలుగయితే 1. చాయ్‌కి 0 ఇచ్చాం, 8 గుంటలు పోయాయి. ఇక 00 గానీ 01 గానీ 0110 గానీ ఇంకెవరికీ అమ్మలేం, ఆ ముక్కలన్నీ చాయ్ పేరు మీద రిజిస్టర్ అయిపోయాయి. అమ్మితే డబుల్ రిజిస్ట్రేషన్, కోర్టు. ఉస్మానియాకి 4, సమోసాకి 2, మిగతా రెండింటికి చెరొకటి. 8, 4, 2, 1, 1 కలిపితే 16. గజం కూడా మిగల్లేదు.

ఇస్తానన్న వాటాల మొత్తం భూమిని దాటకూడదు. దాటకపోతే ఆ పొడవులతో ప్రిఫిక్స్ కోడ్ తప్పకుండా కట్టొచ్చు. దీన్ని క్రాఫ్ట్ అసమానత అంటారు. లియాన్ క్రాఫ్ట్ 1949లో తన మాస్టర్స్ థీసిస్‌లో చూపించాడు. 1956లో మెక్‌మిలన్ ఇంకో అడుగు వేశాడు. ప్రిఫిక్స్ నియమం పాటించకపోయినా సరే, ఒకే ఒక్క విధంగా విడదీయగలిగిన ఏ కోడ్ అయినా ఇదే భూమిలో సర్దుకోవాలన్నాడు. అంటే నియమం తప్పితే ఒక్క బిట్ కూడా కలిసిరాదు. నాకైతే మొత్తం పాఠంలో ఇదే అందమైన మాట.

మన తెలుగులో ఇలాంటిది ఏమైనా ఉందా?

ఇది అడిగిన అమ్మాయికి నేను రెండు వారాలు బాకీ పడ్డాను. ఉంది. ఛందస్సు.

గురువుని గ, లఘువుని ల అనుకుందాం. సూర్య గణాలు రెండు: గల, లలల. ఏదీ ఇంకోదానికి మొదలు కాదు. ఇంద్ర గణాలు ఆరు: లలలగ, లలలల, లలగల, గలల, గలగ, గగల. ఓపిగ్గా సరిచూడండి, ఇక్కడా ఏదీ దేనికీ మొదలు కాదు. అవి పుట్టినప్పుడు బిట్ల ఊసు లేదు, ఎవరూ దీన్ని ఉద్దేశించి పెట్టారని నేననను. కానీ చెవికి ఎక్కడ తెగాలో తెలియాలి కదా.

ఆటవెలదిలో రెండో పాదానికి ఐదు సూర్య గణాలు. గలలలలగలగలలలల అని గీతల్లేకుండా రాసిచ్చినా ఎడమ నుంచి గల, లలల, గల, గల, లలల అని ఒకే విధంగా తెగుతుంది.

అయితే సూర్య, ఇంద్ర గణాలు రెండింటినీ ఒకే సంచిలో వేస్తే నియమం చెడుతుంది. లలల అన్నది లలలగకి మొదలు, గల అన్నది గలలకి మొదలు. మరి ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు ఎలా విడిపోతారు? ఎన్నో గణం ఏ జాతిదో ముందే తెలుసు కాబట్టి. మూడు దాకా ఒక టేబుల్, తర్వాత ఇంకో టేబుల్. సందర్భాన్ని బట్టి టేబుల్ మార్చే ఈ పని ఇవాళ్టి కంప్రెసర్లూ చేస్తాయి. జిప్‌లో అక్షరాలకి ఒక చెట్టు, "ఇంత వెనక్కి వెళ్లి కాపీ చెయ్" అని చెప్పే దూరాలకి ఇంకో చెట్టు ఉండేది అందుకే.

ఈ హఫ్‌మన్ ఎవరు?

డేవిడ్ హఫ్‌మన్, ఎంఐటీలో విద్యార్థి. 1951లో వాళ్ల ప్రొఫెసర్ రాబర్ట్ ఫానో, ఫైనల్ పరీక్షన్నా రాయండి, టర్మ్ పేపరన్నా ఇవ్వండి అన్నాడు. హఫ్‌మన్ పేపర్ ఎంచుకుని నెలల తరబడి తల బద్దలు కొట్టుకుని, ఇక వదిలేసి పరీక్షకి చదువుకుందామనుకున్న దశలో దారి దొరికింది. ఫానో, షానన్‌ల పద్ధతి పైనుంచి సగం సగం చీల్చుకుంటూ దిగుతుంది. ఇతను కింద నుంచి ముడేసుకుంటూ పోయాడు. 15, 7, 6, 6, 5 అనే లెక్కలు తీసుకుని రెండు పద్ధతులూ చేసి చూడండి: చీల్చితే 89 బిట్లు, ముడేస్తే 87. పేపర్ 1952లో అచ్చయింది. దాని మీద పేటెంట్ తీసుకోలేదు. మా వాళ్లలో పరీక్ష తప్పించుకోవాలని చూసేవాళ్లందరికీ ఈ కథ బాగా నచ్చుతుంది. నెలల తరబడి అన్న ముక్క మాత్రం ఎవరికీ గుర్తుండదు.

విప్పేవాడికి చెట్టు ఎలా తెలుస్తుంది? దాన్నీ పంపాలి కదా?

పంపాలి, కానీ చెట్టు బొమ్మ అక్కర్లేదు. పొడవులు చాలు. 1, 2, 3, 4, 4 అని పంపితే, పొట్టివి ముందు, ఒకే పొడవున్నవి జాబితా వరసలో అని ఒప్పందం చేసుకుంటే 0, 10, 110, 1110, 1111 అవతలి వాడే రాసుకుంటాడు. దీన్ని కెనానికల్ హఫ్‌మన్ అంటారు. చెట్టు కట్టేటప్పుడు సమానంగా ఉన్నవాటిలో ఏది ముందు తీయాలన్న తగాదా కూడా దీంతో తీరిపోతుంది. మీ చెట్టు, పక్కవాడి చెట్టు ఆకారంలో వేరుగా ఉన్నా మొత్తం బిట్లు సమానమైతే రెండూ కరెక్టే.

జిప్ ఫైళ్లు, పీఎన్‌జీ బొమ్మల లోపల ఉన్న డిఫ్లేట్ అనే కంప్రెషన్ పద్ధతి ఇదే వాడుతుంది. 1996లో దాని వివరణ ఆర్ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ పత్రాల వరసలో 1951 నంబరుగా వచ్చింది. అందులో కోడ్ పొడవు 15 బిట్లు దాటదు. ఆ పొడవుల జాబితాని కూడా ఇంకో చిన్న హఫ్‌మన్ కోడ్‌తో ముడిచి పంపుతారు. పిసినారితనానికి హద్దు ఉండదు.

మధ్యలో ఒక బిట్ చెడితే మొత్తం పోయినట్టేనా?

పైన చీటీలో రెండో బిట్ తిప్పి చూడండి: 00100101110. ఇప్పుడు చాయ్, చాయ్, ఉస్మానియా, చాయ్, ఉస్మానియా, బన్ మస్కా అని వస్తుంది. సమోసా అడిగినతనికి చాయ్, బిస్కెట్ వెళ్లాయి. కానీ ఆ తర్వాత అన్నీ సరిగ్గా కుదురుకున్నాయి. హఫ్‌మన్ కోడ్‌లు చాలాసార్లు ఇలా తమంతట తామే దారిలో పడతాయి. అయితే ఐదు ఆర్డర్లు ఆరయ్యాయి చూడండి, ప్రమాదం అక్కడుంది. "ఐదో ఆర్డర్ ఏంటి" అని అడిగితే తప్పు సమాధానం వస్తుంది. పైగా జిప్‌లో ముందు వచ్చిన ముక్కనే వెనక వాడుకుంటారు కాబట్టి తప్పు పాకుతుంది. అందుకే ఫైలుతో పాటు చెక్‌సమ్ (ఫైలులోని బిట్ల నుంచి లెక్కకట్టిన సరిచూపు సంఖ్య) పెడతారు. అది తప్పుని పట్టుకుంటుంది గానీ బాగుచేయదు.

తెలుగు ఫైళ్లు ఎందుకంత బాగా తగ్గుతాయి?

ముందు అంతగా ఉబ్బి ఉంటాయి కాబట్టి. యూటీఎఫ్-8లో (కంప్యూటర్‌లో అక్షరాలని దాచుకునే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. బైటంటే 8 బిట్లు. "హైదరాబాద్" రాస్తే హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు: తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. "లక్ష్మి" చూడటానికి రెండక్షరాలే, లోపల ఏడు గుర్తులు, 21 బైట్లు. ప్రతి గుర్తులో మొదటి బైటు 224. రెండోది 176 లేదా 177. సమాచారం అంతా దాదాపు మూడోదానిలోనే.

బైట్ల మీద హఫ్‌మన్ ఒక్కటే నడిపితే 224కి పొట్టి కోడ్ వస్తుంది, మంచిదే. కానీ ఎలాగూ వచ్చేదానికి బిట్ ఎందుకు ఖర్చు పెట్టాలి? 224 తర్వాత ఏం వస్తుందో హఫ్‌మన్‌కి తెలియదు, దానికి ఒక్కో బైటూ ఒంటరిదే. క్లాసులో ఇంటిపనిగా బైట్లకి బదులు గుర్తుల మీదే చెట్టు కట్టమంటాను. ఫలితం చూసి నోరెళ్లబెడతారు.

డిఫ్లేట్ ఈ లోటుని వేరేలా పూడుస్తుంది. హఫ్‌మన్ కంటే ముందు ఎల్‌జెడ్77 నడుస్తుంది. ఇది లెంపెల్, జివ్‌ల 1977 నాటి పద్ధతి. ఇంతకుముందు 32 కిలోబైట్ల లోపు ఇదే ముక్క వచ్చిందా అని వెతికి, వస్తే "ఇంత వెనక్కి వెళ్లి ఇంత పొడవు కాపీ చెయ్" అని రాస్తుంది. కనీస పొడవు మూడు బైట్లు, అంటే సరిగ్గా ఒక తెలుగు గుర్తు. "చేస్తున్నారు", "చెప్పారు", "అయితే" పేరాకి నాలుగుసార్లు రాసే మన వార్తలకి ఇది పండగ.

జిప్‌ని మళ్లీ జిప్ చేస్తే ఇంకా తగ్గుతుందా?

తగ్గదు. కాస్త పెరగొచ్చు కూడా. జేపెగ్ ఫొటోలు జిప్ చేసినా ఇంతే, సాధారణంగా వాటి లోపల హఫ్‌మన్ ఇప్పటికే పనిచేసేసి ఉంటుంది. ఏ ఫైలునైనా తగ్గిస్తామని ఎవరైనా చెప్తే నమ్మకండి: పది బిట్ల ఫైళ్లు 1024 ఉన్నాయి, అంతకంటే పొట్టివి ఖాళీ ఫైలుతో కలిపి 1023. ఒకటైనా బయట నిలబడాలి.

ఇంటర్వ్యూలో ఎలా అడుగుతారు?

ఎక్కువగా ప్రయారిటీ క్యూతో (ఎప్పుడూ అన్నింటికంటే చిన్నదాన్నే ముందు ఇచ్చే వరస) ప్రోగ్రామ్ రాయమంటారు. ఎన్ వస్తువులకి పట్టే సమయం ఎన్ లాగ్ ఎన్ అని చెప్పి ఊరుకోకండి. లెక్కలు ముందే వరసలో ఉంటే రెండు మామూలు క్యూలతో లీనియర్ టైమ్‌లో, అంటే వస్తువుల సంఖ్యకి తగ్గట్టే పెరిగే సమయంలో, అవుతుందని చెప్పండి.

నా ప్రోగ్రామ్ అంతా సరిగ్గా విప్పుతోంది, చివర్లో మాత్రం ఎక్స్‌ట్రా అక్షరాలు వస్తున్నాయి.

నాకూ వచ్చాయి, నలుగురి ముందు. డెమో ఇస్తూ చాయ్ చీటీ ముడిచి విప్పాను. ఆ చీటీ 11 బిట్లు. డిస్క్ మీద బైట్లుగానే రాయాలి కాబట్టి 16 చేయడానికి ఐదు సున్నాలు చేరాయి. మన టేబుల్లో సున్నా అంటే ఏంటి? తెర మీద అడగని ఐదు చాయ్‌లు ప్రత్యక్షం. వెనక బెంచీ నుంచి "సార్, మనకేనా?" అన్నాడొకడు.

మందు రెండు రకాలు. మొత్తం ఎన్ని ఆర్డర్లో ముందే రాసి పెట్టడం, లేదా "అయిపోయింది" అనే ఒక గుర్తుని కూడా లెక్కలో చేర్చి దానికో కోడ్ ఇవ్వడం. డిఫ్లేట్ రెండో దారి పట్టింది, అందులో 256 అనే సంఖ్య దానికోసమే ఉంది. పనిలో పనిగా ఫైలంతా ఒకే అక్షరం ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా నడిపి చూడండి. చెట్టుకి కొమ్మే ఉండదు, కోడ్ పొడవు సున్నా వస్తుంది, విప్పే లూపు తిరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు బలవంతంగా ఒక బిట్ ఇచ్చేయండి.